బాలింతల వార్డులో సాయంకాల ప్రార్థన

కరోనాకి నాలుగేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, కొవ్వూరుకు దిగువన ఉన్న ఒక మిషన్ ఆస్పత్రిలో నేను నర్సింగ్ సూపరింటెండెంటుగా చేరాను. అంతకు ముందు మెట్ట ప్రాంతంలో అదే మిషన్ వారి చిన్న ఆస్పత్రిలో పన్నెండేళ్లు వార్డు ఇన్‌ఛార్జిగా పనిచేశాను. ఆస్పత్రి పేరు ఇక్కడ రాయడం లేదు. నాతో పనిచేసినవారు కొందరు ఇంకా అక్కడే ఉన్నారు. మనుషుల పేర్లు కూడా మార్చాను, ఒక్క నాది తప్ప. నా పేరు సుగుణకుమారి.

నర్సింగ్ సూపరింటెండెంట్ అంటే నర్సులందరి మీద పెద్ద నర్సు అనుకుంటారు. నిజానికి ఆ కుర్చీలో కూర్చున్నాక రోగి చెయ్యి పట్టుకుని పల్స్ చూసే అవకాశమే తగ్గిపోతుంది. ఎవరు ఏ షిఫ్టులో ఉండాలో డ్యూటీ చార్టు వేయాలి. నిండుకున్న సామానుకి ఇండెంటు పెట్టాలి. కొత్తగా చేరిన స్టాఫ్ నర్సులకు పని నేర్పించాలి. ఎక్కడైనా పొరపాటు జరిగితే విచారించి రిపోర్టు రాయాలి. నేను చెప్పబోయేది ఈ చివరి పని గురించి.

మా ఆస్పత్రిలో ఆడవాళ్ల వార్డు, బాలింతల వార్డు పక్కపక్కనే ఉండేవి. రెంటికీ మధ్య గోడలో వెడల్పాటి కమాను ఉండేది. సాయంత్రం షిఫ్టు రెండింటికి మొదలై ఎనిమిదింటికి ముగుస్తుంది. నాలుగింటికి టెంపరేచర్లు, ఐదింటికి మందులు, ఆరింటికి ప్రార్థన. ఆస్పత్రి కట్టిన దగ్గర్నుంచీ ఈ వరుస మారలేదని పాతవాళ్లు చెప్పేవారు. ఆరుకి ఐదు నిమిషాలుండగా వార్డు ఆయా వరండాలో గంట కొట్టేది. డ్యూటీలో ఉన్న నర్సులు వచ్చి కమాను కింద నిలబడేవారు. ఒక పాట, బైబిల్లోంచి ఒక వాక్యభాగం, ప్రార్థన, ఆశీర్వచనం. పది నిమిషాల్లో ఎవరి పనికి వాళ్లు వెళ్లేవారు. రోగుల్లో ముప్పావు వంతు హిందువులే. వద్దన్నవారిని నేనెప్పుడూ చూడలేదు. మంచాల మీద ఉన్నవాళ్లు అలాగే వినేవారు, తోడు వచ్చినవాళ్లు లేచి చేతులు జోడించి నిలబడేవారు.

నాకు ఈ ప్రార్థన కొత్త కాదు. మాది పెనుగొండ దగ్గర పల్లె, లూథరన్ కుటుంబం. మా నాన్నగారు ఉపదేశి. అంటే పాస్టరుగారు వారం వారం రాలేని ఊళ్లలో గుడి నడిపే మనిషి. చీకటి పడగానే గుడిలో గంట కొట్టి, పొలం నుంచి వచ్చినవాళ్లు కాళ్లు కడుక్కుని వచ్చేదాకా ఆగి, అచ్చు పుస్తకంలోని సాయంకాల ఆరాధన క్రమం చదివేవారు. ఆయన ఒక మాట, జనం ఒక మాట. ఏ మాట తరవాత ఏది వస్తుందో చదువు రాని ముసలివాళ్లకు కూడా కంఠతా వచ్చు.

ఆస్పత్రిలో చేరాక తెలిసింది, ఒక్క సాయంకాల ప్రార్థనకే మా నర్సుల్లో ఎన్ని పద్ధతులున్నాయో. ఆరోగ్యమ్మ ఆర్‌సీఎం, అంటే రోమన్ కతోలిక. ఆవిడ ఊళ్లో సాయంత్రం గుడి గంట వినిపిస్తే దారిలో ఉన్నవాళ్లు కూడా ఆగి త్రికాల జపం చెప్పుకుంటారట. ఇంట్లో మోకాళ్ల మీద కూర్చుని జపమాల తిప్పుతారు. వాళ్ల కాన్వెంటు సిస్టర్లయితే రెండు వరుసలుగా ఎదురెదురు నిలబడి, కీర్తనలో ఒక చరణం ఈ వరుస, ఒక చరణం ఆ వరుస చదువుతారు. బ్రదరన్ వారి కూడికల్లో పాస్టరంటూ ఉండరు, చాలాసేపు ఎవరూ మాట్లాడరు కూడా. పెంతెకొస్తు వారి దగ్గర దీనికి పూర్తిగా వ్యతిరేకం. అందరూ ఒక్కసారే గొంతెత్తి ఎవరి ప్రార్థన వాళ్లు చేస్తారు. వార్డులో మాత్రం వీళ్లందరూ లూథరన్ అయ్యగారి వెనక తలలు వంచి నిలబడేవారు. అది ఆస్పత్రి పద్ధతి కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు.

అయ్యగారంటే మా చాప్లిన్. ఆస్పత్రి కోసమే నియమించే పాస్టరును చాప్లిన్ అంటారు. ఆయన పేరు ప్రభుదాసు. యాభై దాటిన మనిషి, మెత్తని మాట. రోజూ మధ్యాహ్నం ప్రతి మంచం దగ్గరికీ వెళ్లి పేరు, ఊరు, జబ్బు అడిగి చిన్న పుస్తకంలో రాసుకునేవారు. నేను చేరిన మరుసటి నెల నుంచి, సాయంత్రం ప్రార్థనలో రోగులందరినీ పేరు పేరునా తలవడం మొదలుపెట్టారు. రోగులకు అది చాలా నచ్చింది. తన పేరు వినపడగానే కళ్లు తుడుచుకున్నవాళ్లను చూశాను. నాకూ సంతోషమే అయింది. పది నిమిషాల ప్రార్థన పదిహేనయింది, తరవాత ఇరవై అయింది. డ్యూటీ చార్టు వేసే మనిషిని, గడియారం చూడాల్సింది నేను. చూడలేదు.

ఆగస్టులో ఒక మంగళవారం. నిడదవోలు దగ్గర పల్లె నుంచి దుర్గ అనే అమ్మాయి రెండో కాన్పుకి వచ్చింది. వాళ్లది వ్యవసాయ కుటుంబం. అత్తగారు సత్యవతి తోడుగా ఉన్నారు. నాలుగింటికి కాస్త ముందు మామూలు కాన్పే అయింది, ఆడపిల్ల. కాన్పయ్యాక మొదటి రెండు గంటలు తల్లిని లేబర్ రూములోనే ఉంచి పావుగంటకోసారి చూస్తాం. పల్స్, బీపీ, రక్తం ఎంత పోతోంది, గర్భసంచి గట్టిపడిందా లేదా. తరవాత వార్డుకు మారుస్తాం. అక్కడ మొదటి గంటన్నర అరగంటకోసారి ఇవే చూడాలి. కాన్పు తేలిగ్గా అయినా ఆ తరవాతి గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. గర్భసంచి మెత్తబడిందంటే రక్తం కుళాయి తిప్పినట్టు పోతుంది.

ఆరుకి పది నిమిషాలుండగా దుర్గను వార్డుకు తెచ్చారు. ఆ సాయంత్రం బాలింతల వార్డు డ్యూటీ కరుణది. కోర్సు ముగించి మా దగ్గర చేరి ఏడాది కాలేదు, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. పెంతెకొస్తు సంఘం పిల్ల, పనిలో శ్రద్ధ. దుర్గను పడుకోబెట్టి అన్నీ చూసి కేస్ షీట్‌లో రాసింది. అంతా సవ్యంగానే ఉంది. మళ్లీ చూడాల్సింది ఆరూ ఇరవైకి. అంతలో గంట కొట్టారు. కరుణ కమాను కిందికి వచ్చి నిలబడింది. ఆ రోజు పాట ఎత్తుకున్నది నేను.

వార్డు నిండా రోగులున్నారు. అయ్యగారు పేర్లు చెప్పుకుంటూ వెళుతున్నారు. ఆడవాళ్ల వార్డు పూర్తిచేసి బాలింతల దగ్గరికి వచ్చారు. గంటకు ముందే అడిగి రాసుకున్న దుర్గ పేరు చెప్పి, పుట్టిన బిడ్డ కోసం కూడా ప్రార్థించారు. ఆమెన్ అని మేము కళ్లు తెరిచేసరికి ఆరూ ఇరవై ఎనిమిది.

కరుణ గబగబా దుర్గ మంచం దగ్గరికి వెళ్లింది. నేను రెండు మంచాల అవతల ఒక ముసలావిడతో మాట్లాడుతున్నాను. "అమ్మగారూ" అని పిలిచింది. పెద్దగా ఏం పిలవలేదు, కానీ ఆ గొంతు విన్న నర్సు ఎవరైనా చేతిలో పని వదిలేస్తుంది. వెళ్లి చూస్తే దుర్గ పెదాలు తెల్లగా ఉన్నాయి. ఒళ్లంతా చల్లని చెమట. దుప్పటి తీస్తే పరుపు తడిసి, మంచం అంచు నుంచి కింద గచ్చు మీద చుక్కలు పడుతున్నాయి. పల్స్ నూట నలభై, అందీ అందనట్టుంది. సత్యవతి గారు మంచం తల దగ్గర చేతులు జోడించుకుని నిలబడి ఉన్నారు.

ఇలాంటప్పుడు ఏం చేయాలో మాకు కంఠతా వచ్చు. కరుణ పొట్ట మీద చెయ్యి పెట్టి గర్భసంచిని నొక్కి మర్దన చేయడం మొదలుపెట్టింది. నేను మంచం కాళ్ల వైపు ఎత్తు పెట్టించి రెండు చేతులకూ సెలైన్ ఎక్కించాను. ఆరోగ్యమ్మ గర్భసంచిని గట్టిపరిచే ఇంజెక్షను డ్రిప్‌లో కలిపింది. మా కాన్పుల డాక్టర్ వసంత గారు క్వార్టర్స్ నుంచి ఐదు నిమిషాల్లో వచ్చారు. చూసి, మాయ ముక్క ఏదో లోపల ఉండిపోయిందన్నారు. వెంటనే థియేటర్‌కు తీసుకెళ్లాం. మాకు బ్లడ్ బ్యాంకు లేదు. దుర్గ భర్త, అతని తమ్ముడు మా అంబులెన్స్‌లో వంతెన దాటి రాజమండ్రి వెళ్లారు. రక్తం వచ్చేసరికి గంటా పది నిమిషాలు పట్టింది. ఆ గంటా పది నిమిషాలూ డాక్టరుగారు టేబుల్ దగ్గర్నుంచి కదల్లేదు. కరుణ ఎనిమిదింటికి డ్యూటీ దిగాలి, దిగలేదు. రెండో సీసా రక్తం సగం ఎక్కాక పల్స్ చేతికి తెలిసింది. గర్భసంచి తీసేయాల్సిన అవసరం రాలేదు. డాక్టరుగారు గ్లవ్స్ విప్పుతూ, ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే తను చేయగలిగింది ఏమీ ఉండేది కాదని చెప్పారు. అప్పటికే ఆలస్యమైన నిమిషాలు ఎక్కడ పోయాయో ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు.

ఇలాంటిది జరిగితే ఇరవై నాలుగు గంటల్లో ఇన్సిడెంట్ రిపోర్టు రాయాలి. ఏ సమయానికి ఏం జరిగింది, ఎవరెక్కడ ఉన్నారు, ఆలస్యం ఎందుకైంది, మళ్లీ జరగకుండా ఏం చేయాలి. రోగి తాలూకు వాళ్లు చెప్పింది కూడా అందులో రాయాలి. మర్నాడు ఉదయం సత్యవతి గారిని నా గదికి పిలిచి కూర్చోబెట్టాను. కోడలు కోలుకుంటోందని ముందు చెప్పి, రక్తం పోవడం ఎప్పుడు గమనించారని అడిగాను.

పాట అయిపోయి అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టిన కాసేపటికే చూశానన్నారు. మొదట దుప్పటికి మరకలా కనిపించిందట. తరవాత కింద పడుతున్న చుక్కలు చూశారట. మరి ఎందుకు పిలవలేదని అడిగాను. నా గొంతులో తప్పు పట్టినట్టు వినిపించిందేమో, ఆవిడ తలవంచుకున్నారు.

"మీరంతా కళ్లు మూసుకుని దేవుడితో మాట్లాడుతున్నారు కదండీ. మధ్యలో పిలిస్తే అపచారం అవుద్దేమోనని ఊరుకున్నానండి. అయిపోవచ్చింది, అయిపోవచ్చింది అనుకుంటా నిలబడ్డానండి. మా దుర్గ పేరు కూడా చెప్పారు కదండీ. ఆ మాటకి కొంచెం ధైర్యం కూడా వచ్చిందండి."

నేను ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద రాసుకున్నాను.

మధ్యాహ్నం మా కార్యదర్శిగారు ఫోన్ చేశారు. ఆస్పత్రి పరిపాలన అంతా ఆయన చేతిలో ఉండేది. చెడ్డ మనిషి కాదు, భయస్తుడు. రిపోర్టులో ప్రార్థన అనే మాట రాయవద్దన్నారు. రోజులు బాగా లేవని, వాళ్లు హిందువులని, మిషన్ ఆస్పత్రిలో ప్రార్థన చేస్తూ బాలింతను వదిలేశారని ఎవరైనా పేపరుకెక్కిస్తే ఆస్పత్రి మూతపడుతుందని చెప్పారు. డ్యూటీ నర్సు సమయానికి చూడలేదు, అది నిజమే కదా, అంతే రాసి ఆ అమ్మాయికి మెమో ఇమ్మన్నారు. మెమో అంటే సంజాయిషీ అడిగే నోటీసు. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు అది వస్తే ఉద్యోగం ఖాయం కానట్టే.

నేను ఆయన చెప్పినట్టే రాశాను. ఆ సంగతి దాచను. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. ఆరూ ఇరవైకి చూడవలసిన రోగిని ఆరూ ఇరవై ఎనిమిదికి చూశారు, కారణం డ్యూటీ నర్సు అలసత్వం. నాలుగు వరుసలు. సంతకం పెట్టడమే తరువాయి.

కరుణ సాయంత్రం డ్యూటీకి వస్తూ నా గదికి వచ్చింది. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. రిపోర్టు చదవవచ్చా అని అడిగింది. సంబంధించిన నర్సుకు చూపించడం పద్ధతే కాబట్టి ఇచ్చాను. రెండుసార్లు చదివింది. ఏడవలేదు, వాదించలేదు.

"ఆరు నుంచి ఆరున్నర దాకా నేనెక్కడున్నట్టు రాశారండి ఇందులో?" అంది.

నా జవాబు కోసం చూడకుండా తనే చెప్పింది. ఆరూ ఇరవైకి వాచీ చూసుకుందట. కదులుదామనుకుందట. ముందు వరుసలో సూపరింటెండెంటు గారు కళ్లు మూసుకుని ఉన్నారు, అయ్యగారు బాలింతల పేర్లే చెబుతున్నారు, ఇంకో నిమిషంలో అయిపోతుంది కదా అని ఆగిందట. "తప్పు నాదేనండి, నేను కాదనను. కానీ నేను ఊరికే కూర్చోలేదండి" అని కాగితం నా బల్ల మీద పెట్టి వార్డుకు వెళ్లిపోయింది.

ఆ కాగితం చించేసి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి రెండు పేజీలు వచ్చింది. ఆరింటి నుంచి ఆరూ ఇరవై ఎనిమిది దాకా కమాను కింద ఎవరెవరు ఉన్నారో పేర్లు రాశాను. మొదటి పేరు నాది. ప్రార్థన నిడివి నెల రోజుల్లో ఎంత పెరిగిందో, దాన్ని గమనించి డ్యూటీ సర్దవలసిన బాధ్యత సూపరింటెండెంటుదని, అది నేను చేయలేదని రాశాను. సత్యవతి గారి మాటలు మార్చకుండా చేర్చాను. మెమో ఇవ్వాల్సి వస్తే ముందు నాకు ఇచ్చి, తరవాత మిగతావారికి ఇవ్వవచ్చని చివర రాసి సంతకం పెట్టాను. ఒక కాపీ కార్యదర్శిగారికి, ఒకటి డాక్టర్ వసంత గారికి, ఒకటి అయ్యగారికి పంపాను.

కార్యదర్శిగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. డాక్టరుగారు మాత్రం తన కాపీ మీద, ఇందులో ఉన్నదంతా నిజమని రాసి సంతకం పెట్టి ఆయనకు పంపించారు. దాంతో ఆయన ఇంకేమీ అనలేకపోయారు. మెమో నాకు వచ్చింది. కరుణకు నోటిమాటగా హెచ్చరించి వదిలేశారు. ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు వచ్చిన మెమో అదొక్కటే. దానికి నేను రాసిన సంజాయిషీ ఒక్క వాక్యం. ఆరోపణ నిజమని ఒప్పుకుంటున్నాను.

అయ్యగారికి రిపోర్టు చేరిన సాయంత్రం ఆయన వార్డుకు రాలేదు. గంట కొట్టలేదు. మర్నాడు వచ్చి నేరుగా దుర్గ మంచం దగ్గరికి వెళ్లారు. ఏం మాట్లాడారో నేను వినలేదు. దూరం నుంచి చూస్తే, ఆయన నిలబడి చేతులు జోడించి ఉన్నారు, సత్యవతి గారు కంగారుగా లేచి ఆయన చేతులు దించుతున్నారు. తరవాత నా గదికి వచ్చి కూర్చున్నారు. ఇక వార్డులో ప్రార్థన వద్దని, ఆస్పత్రి ఆవరణలో ఉన్న చిన్న గుడి, చాపెల్‌లో పెట్టుకుంటానని, రాగలిగినవాళ్లు వస్తారని అన్నారు. డాక్టర్ వసంత గారిదీ అదే అభిప్రాయం. వైద్యం జరిగేచోట వైద్యమే జరగాలని ఆవిడ స్పష్టంగా చెప్పారు. నాకూ అదే సబబు అనిపించింది. వారం రోజులు వార్డులో ప్రార్థన ఆగిపోయింది.

దుర్గను పంపించేసే రోజు, డిశ్చార్జి కాగితాలు తీసుకోవడానికి సత్యవతి గారు వచ్చారు. కాగితాలు తీసుకున్నాక కూడా గుమ్మం దగ్గరే ఆగారు.

"సాయంత్రం ప్రార్థన మానేశారా ఏంటండి? మా వల్లే మానేశారంటే మాకు బాధగా ఉంటాదండి. పక్క మంచం వాళ్లు కూడా అడుగుతున్నారు. మంచం మీద పడుకున్న మనిషికి పొద్దు ఎలా పోద్దండి? ఆ పాట వింటే ఒక రోజు గడిచిందని తెలిసేదండి."

మీ వల్ల కాదు, మా వల్లేనని చెప్పి పంపించాను. ఆ మధ్యాహ్నమే అయ్యగారిని, డాక్టరుగారిని, రెండు వార్డుల నర్సులను పిలిచి కూర్చోబెట్టాను. సత్యవతి గారు అన్న మాట చెప్పాను. ప్రార్థన ఉండాలా వద్దా అనేది పక్కన పెట్టి, ఉంటే రోగికి హాని లేకుండా ఎలా ఉండాలో చెప్పమన్నాను. ఆ గంటసేపట్లో సాయంకాల ప్రార్థన గురించి నేను నేర్చుకున్నంత మా నాన్నగారి దగ్గర కూడా నేర్చుకోలేదేమో.

ఆరోగ్యమ్మ తన ఏప్రాన్ జేబులోంచి జపమాల తీసి బల్ల మీద పెట్టింది. ఇన్నేళ్లుగా అది ఆవిడ జేబులో ఉందని మాకెవరికీ తెలియదు. డ్యూటీలో ఉన్న రోజు మోకాళ్లూనడం కుదరదు కాబట్టి, ఒక మంచం నుంచి ఇంకో మంచానికి నడిచేటప్పుడు ఒక్కో పూస తిప్పుకుంటానని, మధ్యలో ఎవరైనా పిలిస్తే ఏ పూస దగ్గర ఆగానో వేలికి తెలుస్తుందని చెప్పింది. వాళ్ల ఫాదర్ గారు కూడా రోగి దగ్గర ఉన్న మనిషి గుడికి రాకపోతే తప్పు లేదని చెబుతారట.

కరుణ చివర్న కూర్చుంది. మాట్లాడుతుందని నేను అనుకోలేదు. తనంతట తనే లేచి, వాళ్ల మందిరంలో సాయంత్రం కూడికప్పుడు అందరూ కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థన చేస్తుంటే చిన్నపిల్లలు రోడ్డు మీదికి వెళ్లిపోతారని, అందుకని ప్రతిసారీ ఒకరు గుమ్మం దగ్గర కళ్లు తెరిచి నిలబడతారని చెప్పింది. వంతులవారీగా నిలబడతారట. ఆ వంతు వచ్చినవాళ్లు ప్రార్థన చేయలేదని ఎవరూ అనుకోరట.

అది విని అయ్యగారు లేచి చాపెల్‌కు వెళ్లి పాత అచ్చు క్రమం తెచ్చారు. మా నాన్నగారు చదివిన పుస్తకం లాంటిదే. చదివే ప్రార్థనలో జీవం ఉండదనుకుని తను దాన్ని బీరువాలో పెట్టేశానని ఒప్పుకున్నారు. అందులో రోగుల కోసం ఒక వాక్యం, వైద్యం చేసేవారి కోసం ఒక వాక్యం, ప్రయాణంలో ఉన్నవారి కోసం ఒక వాక్యం ఉన్నాయి. ప్రతి వాక్యానికీ జనం చెప్పే చిన్న జవాబు ఉంది. నన్ను వాచీ చూడమని మొదటి నుంచి చివరి దాకా మామూలు వేగంతో చదివారు. పాటతో కలిపి ఎనిమిది నిమిషాలు. "దీన్ని రాసినవాళ్లకి సాయంత్రం పూట మనుషులకి పనులుంటాయని తెలుసండి. నాకే తెలియలేదు" అన్నారు. పేర్లు చెప్పే ప్రార్థన మాననని, అది పొద్దున్నే తన గదిలో చేసుకుంటానని చెప్పారు.

డాక్టర్ వసంత గారు మూడు షరతులు పెట్టారు. ప్రార్థన ఆరింటికి కాదు, సాయంత్రం చెకప్‌లు పూర్తయ్యాక ఆరున్నరకి. ప్రతి వార్డులో ఒక నర్సు కమాను కిందికి రాకూడదు, కళ్లు మూయకూడదు, మంచాల వైపు తిరిగి నిలబడాలి. కాన్పయి మూడున్నర గంటలు దాటని బాలింత ఉంటే ఆ నర్సు ఆ మంచం పక్కనే ఉండాలి. ఈ మూడూ డ్యూటీ చార్టులో ఎక్కించాను. నాలుగో షరతు అయ్యగారు తనంతట తానే పెట్టుకున్నారు. పాటకు ముందు రోగుల తాలూకు వాళ్లకి ఒక మాట చెబుతానన్నారు. ఏదైనా అవసరమైతే మధ్యలో పిలవండి, తప్పు లేదు, దేవుడు ఏమీ అనుకోడు, మేమూ ఏమీ అనుకోం. రోజూ ఇవే మాటలు చెప్పేవారు.

చెప్పినంత మాత్రాన జనం పిలుస్తారా అని నాకు అనుమానంగానే ఉండేది. రెండు నెలలు గడిచాయి. ఎవరూ పిలవలేదు.

అక్టోబరు చివర్లో ఒక సాయంత్రం అయ్యగారు ఆశీర్వచనం దాకా వచ్చారు. చెయ్యి పైకెత్తి మొదటి మాట అన్నారు. ఆడవాళ్ల వార్డు చివరి మంచం దగ్గర్నుంచి, తణుకు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ "ఏవండీ, మా కోడలి సెలైన్ అయిపోయిందండి" అంది. ఆ వార్డులో కళ్లు తెరిచి నిలబడిన నర్సు ఆరోగ్యమ్మే, కానీ ఆ క్షణంలో ఇంకో మంచం వైపు చూస్తోంది. అయ్యగారు చెయ్యి దించేశారు. ఆరోగ్యమ్మ వెళ్లి సీసా మార్చి, చుక్కలు సరిచేసి, పైపులో గాలి లేదని చూసేదాకా ఆయన అలాగే నిలబడ్డారు. మేమూ నిలబడ్డాం. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. ఆరోగ్యమ్మ అయిందని తల ఊపాక, చెయ్యి ఎత్తి ఆశీర్వచనం మొదటి నుంచి చెప్పారు. ఆ తరవాత పిలవడం మామూలైపోయింది. నేను రిటైరయ్యే వరకు వారంలో ఒకటి రెండుసార్లయినా ప్రార్థన మధ్యలో ఆగేది.

కరుణ ప్రొబేషన్ పూర్తిచేసి ఇప్పుడు అదే వార్డుకు ఇన్‌ఛార్జిగా ఉంది. కొత్త నర్సులకు పని నేర్పించేది తనే.

వార్డు నిశ్శబ్దంగా ఉంటే అంతా బాగుందని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. నర్సులకు అలాగే నేర్పాను కూడా. రోగి బంధువులు భయంతో ఊరుకోవచ్చు, తెలియక ఊరుకోవచ్చు, మన మీద గౌరవంతోనూ ఊరుకోవచ్చు. ఈ మూడోది పుస్తకాల్లో ఉండదు. మనల్ని ఆపవచ్చని వాళ్లకి ముందే చెప్పాలి, రోజూ చెప్పాలి, వాళ్లు ఆపినప్పుడు ఆగాలి. అది ప్రార్థనకైనా, డాక్టరుగారి రౌండ్లకైనా, సూపరింటెండెంటు తనిఖీకైనా ఒకటే.